బంతి వెళ్లింది... బంధం మిగిలింది!

ప్రపంచకప్‌ అయినా ఒలింపిక్స్‌ అయినా టీవీలో కనిపించేది ఆటే. కనిపించని మరో ఆట తెర వెనక ఉంటుంది. చిన్న ఊళ్లలోని చిన్న కార్ఖానాలు పెద్ద దేశాల కొనుగోలుదారులతో ఆడే ఆట అది. అందులో గెలిచినవాళ్లకి కప్పు రాదు... పాతికేళ్లపాటు ఆర్డర్లు వస్తాయి!

ఫుట్‌బాల్‌ ప్రపంచకప్‌లో పాకిస్థాన్‌ జట్టు ఇంతవరకూ ఆడలేదు. 1950లో మనకి అవకాశం వచ్చినా వెళ్లలేదు, ఆ తర్వాత మళ్లీ ఆ గడప తొక్కలేదు. జట్లయితే వెళ్లలేదుగానీ బంతి మాత్రం వెళ్లింది. 2014లో బ్రెజిల్‌ ప్రపంచకప్‌లో మెస్సీ, నెయ్‌మార్‌లు తన్నిన ‘బ్రజూకా’ బంతి పాకిస్థాన్‌లోని సియాల్‌కోట్‌ నుంచే వచ్చింది. 2018 రష్యా ప్రపంచకప్‌లో ‘టెల్‌స్టార్‌ 18’ కూడా అక్కడిదే. పంజాబ్‌ పొలాల మధ్య ఉన్న ఓ మాదిరి పట్టణం ప్రపంచంలోనే అతిపెద్ద ఆటల పండగకి బంతి పంపించే స్థాయికి ఎలా ఎదిగింది? అదేమీ ఒక్క ప్రపంచకప్‌తో జరగలేదు. ఒక్కో పోటీ ఒక్కో మెట్టు. ఒక్కో ఆర్డరు ఒక్కో పరిచయం. ఆ పరిచయాలను పోగొట్టుకోకుండా దశాబ్దాలపాటు కాపాడుకున్న కథ ఇది.

రాకెట్టు మరమ్మతుతో మొదలు

సియాల్‌కోట్‌లో బ్రిటిష్‌వాళ్ల కంటోన్మెంటు ఉండేది. 19వ శతాబ్దం చివర్లో ఓ తెల్ల అధికారి టెన్నిస్‌ రాకెట్టు విరిగిందట. ఇంగ్లండ్‌ నుంచి కొత్తది రావాలంటే ఓడ మీద నెలలు పడుతుంది. దాంతో ఊళ్లోని పనివాడికిచ్చి బాగు చేయించుకున్నాడట. అది ముచ్చటగా కుదరడంతో మిగతా దొరలూ వరస కట్టారట. గుర్రాల జీనులు కుట్టే వాళ్లకి ఫుట్‌బాల్‌ కుట్టే పనీ అలాగే వచ్చిందంటారు. కథలో నిజమెంతైనా, 20వ శతాబ్దం మొదలయ్యేసరికి సియాల్‌కోట్‌ సరకు బ్రిటిష్‌ రెజిమెంట్లు ఉన్న చోటికల్లా వెళ్తోంది.

1947లో దేశం రెండయింది. ఆ పనిలో ఉన్న హిందూ, సిక్కు కుటుంబాలు ఎన్నో సరిహద్దు దాటి ఇటు వచ్చాయి. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా చేతివేళ్లలో పని ఉంది. కొందరు జలంధర్‌లో ఆగారు, కొందరు మీరట్‌ దాకా వెళ్లారు. 1931లో సియాల్‌కోట్‌లో మొదలైన సాన్స్‌పెరెయిల్స్‌ గ్రీన్‌లాండ్స్‌ సంస్థ అలా మీరట్‌ చేరిందే. ‘ఎస్‌జీ’ బ్యాటు అంటే క్రికెట్‌ ఆడే ప్రతి కుర్రాడికీ తెలుసు. టేబుల్‌ టెన్నిస్‌ బల్లలకు పేరుపడ్డ ‘స్టాగ్‌’ పుట్టిల్లూ సియాల్‌కోటే. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్రీడావస్తువుల దుకాణానికెళ్లి అట్టపెట్టెల మీది చిరునామాలు చదివితే మీరట్‌, జలంధర్‌ పేర్లు తప్పకుండా కనిపిస్తాయి. ఒకే ఊరి పనితనం రెండు దేశాల్లో మూడు ఊళ్లయిందన్నమాట.

ఈ మూడు ఊళ్లకీ ఉన్న పోలిక ఏంటంటే... అన్నిచోట్లా పెద్ద ఫ్యాక్టరీలు కొన్నే. వాటి చుట్టూ చిన్న చిన్న యూనిట్లు వందల్లో ఉంటాయి. ఒకరు షీటు అతికిస్తారు, ఒకరు ముక్కలు కోస్తారు, ఒకరు రంగులద్దుతారు, ఇంకొకరు కుడతారు. పైన ఎగుమతిదారు పేరు ఒక్కటే ఉన్నా, ఒక ఆర్డరు వచ్చిందంటే వీధి మొత్తానికి పని దొరుకుతుంది. ఆర్డరు పోతే వీధి మొత్తం చేతులు ముడుచుకుని కూర్చుంటుంది.

నాలుగేళ్లకో పండగ

సంక్రాంతికి బట్టల కొట్టుకెలాగో, ఈ ఊళ్లకి ప్రపంచకప్‌ అలాగ. టోర్నమెంటు జూన్‌లో అంటే హడావుడి అంతకు ఏడాది ముందే మొదలవుతుంది. మైదానంలో ఆడే అసలు బంతులు కొన్ని వేలే. కానీ వాటి నమూనాలో దుకాణాల్లో అమ్మే బంతులు, శీతల పానీయాల కంపెనీలూ బ్యాంకులూ తమ పేర్లు అచ్చేసి పంచిపెట్టే బంతులు, జెండా రంగుల బుల్లి బంతులు... ఇవన్నీ కలిస్తే లెక్క లక్షలకు చేరుతుంది. అసలు బంతి ఒకే కంపెనీకి దక్కుతుంది. మిగతా బంతులు మాత్రం ఊరంతా పంచుకుంటుంది. చిన్న సంస్థలకి విదేశీ కొనుగోలుదారు మొదటిసారి తలుపు తట్టేది ఎక్కువగా ఇలాంటప్పుడే. పాత సరఫరాదారుల దగ్గర చేతినిండా పని ఉంటుంది, కొత్తవాళ్లని వెతుక్కోక తప్పదు.

అయితే తలుపు తట్టినంత మాత్రాన బేరం కుదిరినట్టు కాదు. ముందు శాంపిల్‌ అడుగుతారు. అది నచ్చితే చిన్న ఆర్డరు. అదీ చెప్పిన తేదీకి అందితే అప్పుడు పెద్దది. ప్రపంచకప్‌ ఆర్డరుకి ఓ ప్రత్యేకత ఉంది. దీపావళి టపాకాయలాగా అది ఒకరోజు ఆలస్యమైనా పనికిరాదు. ఫైనల్‌ అయిపోయాక ఆ బంతి ఎవరు కొంటారు? అందుకే ఆ గడువులో మాట నిలబెట్టుకున్నవాడి పేరు కొనుగోలుదారు డైరీలో ఉండిపోతుంది. తర్వాత ఏడాది ప్రపంచకప్‌ లేకపోయినా పాఠశాలల బంతులకీ క్లబ్బుల బంతులకీ ఆ నంబరుకే ఫోను వస్తుంది. ఈ వ్యాపారంలో అసలు సంపాదన ఆ ఫోనే.

సియాల్‌కోట్‌ వాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకునేది 1982 స్పెయిన్‌ ప్రపంచకప్‌ ‘టాంగో’ గురించి. అడిడాస్‌ పేరుతో వెళ్లిన ఆ బంతి తమ ఊళ్లో తయారైందన్న మాట ఊరికి బోర్డులాగా పనిచేసింది. ‘మీకు ఇంతకుముందు అనుభవం ఉందా?’ అన్న ప్రశ్నకి అంతకన్నా మంచి జవాబు ఏముంటుంది? 1990ల నాటికి ప్రపంచంలో చేత్తో కుట్టే ఫుట్‌బాళ్లలో సగానికి పైగా సియాల్‌కోట్‌వే.

1996లో ఫిఫా బంతులకు నాణ్యతా ముద్ర ప్రవేశపెట్టింది. దాంతో ‘మా బంతి బాగుంటుంది’ అన్న మాటకి విలువ పోయి, పరీక్ష కాగితానికి విలువొచ్చింది. పై స్థాయి ముద్ర కావాలంటే బంతిని గంటకి 50 కిలోమీటర్ల వేగంతో ఉక్కు పలకకేసి 2000 సార్లు కొడతారు. అయినా గుండ్రదనం చెడకూడదు, కుట్టు వదలకూడదు. నీళ్లలో 250 సార్లు నొక్కి తిప్పుతారు. అప్పుడు బరువు పదోవంతుకి మించి పెరగకూడదు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే లేవాల్సిన ఎత్తుకీ లెక్క ఉంది. పరీక్షలు కఠినమేకానీ చిన్నవాళ్లకి అవి మేలే చేశాయి. జర్మనీలో ఉన్న కొనుగోలుదారుకి జలంధర్‌లోని కార్ఖానా యజమాని ఎవరో తెలియనక్కర్లేదు. ముద్ర ఉంటే చాలు, మాట మొదలవుతుంది.

చేతిలో ఉన్నది 33 రోజులు!

బ్రజూకా కథ సియాల్‌కోట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫార్వర్డ్‌ స్పోర్ట్స్‌ అధినేత ఖ్వాజా మసూద్‌ అఖ్తర్‌ 1991లో ఆ సంస్థ పెట్టారు. 1990ల మధ్య నుంచే అడిడాస్‌కి బంతులు అందిస్తున్నారు. 2006లో జర్మనీ ప్రపంచకప్‌ చూడ్డానికి వెళ్లినప్పుడు స్టేడియం హోరు విని, ఎప్పటికైనా అసలు బంతి తన ఫ్యాక్టరీ నుంచే రావాలనుకున్నానని ఆయన తర్వాత విలేకరులతో చెప్పారు. ఆ అవకాశం ఏడేళ్లకి వచ్చింది. బ్రజూకా తయారుచేస్తున్న చైనా సంస్థ గిరాకీకి సరిపడా అందించలేకపోతోందని 2013లో తెలిసింది. అఖ్తర్‌ వెంటనే అడిడాస్‌ వాళ్లని తన ఫ్యాక్టరీకి రమ్మన్నారు. వచ్చినవాళ్లకి యంత్రాలు నచ్చలేదు, పాతకాలంవన్నారు. ఆయన బతిమాలుకోలేదు. కొత్త యంత్రాలు సొంతంగా తయారుచేయించుకుంటానని మాటిచ్చారు. మామూలుగా ఆర్నెల్లు పట్టే పనిని 33 రోజుల్లో పూర్తిచేశారు. ఆ లైన్‌లో బంతులు అతికించే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే.

అదృష్టం కలిసొచ్చిందని ఎవరైనా అనొచ్చు. కానీ చైనాలో పని ఆగినప్పుడు ప్రపంచంలో ఎందరో తయారీదారులున్నా, అడిడాస్‌ విమానం సియాల్‌కోట్‌లోనే ఎందుకు దిగింది? దాదాపు ఇరవయ్యేళ్లుగా చెప్పిన తేదీకి సరకు పంపిన పరిచయం ఉంది కాబట్టి. పెద్ద పోటీ అవకాశాన్ని మాత్రమే తెస్తుంది. దాన్ని అందుకునే చెయ్యి ముందే సిద్ధంగా ఉండాలి.

విమానం దిగడం అన్నది మాటవరసకి అన్నదీ కాదు. సియాల్‌కోట్‌కి సొంత అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. అది ప్రభుత్వం కట్టించింది కాదు. స్థానిక వ్యాపారులు తలా కొంత వేసుకుని కట్టుకున్నది! 2007లో మొదలైంది. అంతటితో ఊరుకోకుండా అక్కడి వాణిజ్యమండలి సభ్యులు కలిసి ‘ఎయిర్‌సియాల్‌’ పేరుతో విమానయాన సంస్థనీ పెట్టారు. 2020 డిసెంబరులో అది ఎగిరింది. కొనుగోలుదారు రావడానికి దారి బాగుండాలని ఊరే దారి వేసుకుంది.

సూది పట్టిన చేతులు

పెద్ద పోటీల వెలుగు ఒక్క బంతి మీదే పడదు. దాన్ని కుట్టిన చేతుల మీదా పడుతుంది. పాత పద్ధతి బంతిలో 32 ముక్కలుంటాయి. ఇరవై ఆరు పలకలవి, పన్నెండు అయిదు పలకలవి. మోకాళ్ల మధ్య చెక్క బిగింపులో పెట్టి, మైనం పూసిన దారంతో, రెండు సూదులతో లోపలివైపు నుంచి కుట్టుకుంటూ రావాలి. ఆరువందలకు పైగా కుట్లు. చివరి కుట్టు అన్నిటికన్నా కష్టం. మంచి పనివాడు రోజంతా కూర్చుంటే మూడు నాలుగు బంతులవుతాయి.

ఈ పని ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లలోనే జరిగేది. తల్లి పక్కన కూతురు, తండ్రి పక్కన కొడుకు. 1996లో ఐరోపా ఫుట్‌బాల్‌ పోటీల సమయంలోనే, బంతి కుడుతున్న పాకిస్థానీ బాలుడి ఫొటో అమెరికా పత్రికలో వచ్చింది. ప్రపంచమంతా గగ్గోలు. ఏడువేలమందికి పైగా పిల్లలు ఆ పనిలో ఉన్నారని అప్పటి అంచనా. ఆర్డర్లన్నీ పోయేలా ఉన్నాయి. దాంతో 1997 ఫిబ్రవరిలో అట్లాంటాలో సియాల్‌కోట్‌ వాణిజ్యమండలి, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్‌ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో కుట్టించకూడదు, కుట్టుపని నమోదైన కేంద్రాల్లోనే జరగాలి, తనిఖీకి బయటివాళ్లు వస్తారు. అదే దారిలో జలంధర్‌లోనూ ఎగుమతిదారులు కలిసి ఓ సంస్థ పెట్టుకున్నారు.

పిల్లలు బడికి వెళ్లాలన్నది మంచి మాటే. కానీ ఇల్లు కదిలి కేంద్రాలకి వెళ్లలేని ఆడవాళ్ల సంపాదన ఆగిపోయింది. తర్వాత ఆడవాళ్లకి విడిగా కేంద్రాలు పెట్టారుగానీ అందరికీ అవి అందలేదు. ఒప్పందం ఉన్నా గండం పూర్తిగా తొలగలేదు. 2006 నవంబరులో ఓ పెద్ద అమెరికన్‌ బ్రాండు, అనుమతి లేకుండా ఇళ్లలో కుట్టిస్తున్నారంటూ సియాల్‌కోట్‌లోని తన ప్రధాన సరఫరాదారుతో తెగతెంపులు చేసుకుంది. దాని కింద పనిచేసే వేలమంది ఉపాధి ఒక్క ప్రకటనతో గాల్లో కలిసింది. ఏళ్లు పట్టి కట్టుకున్న బంధం తెగడానికి ఒక్కరోజు చాలు.

అదే ఏడాది జర్మనీ ప్రపంచకప్‌కి వచ్చిన ‘టీమ్‌గైస్ట్‌’ బంతికి అసలు కుట్టే లేదు. పద్నాలుగు ముక్కల్ని వేడితో అతికించారు. 2010లో ముక్కలు ఎనిమిదయ్యాయి, 2014లో ఆరు. 2026 ప్రపంచకప్‌ ‘ట్రైయాండా’కైతే నాలుగే! సూదికి పనిలేని కాలం వచ్చిందని తెలిసి కూడా కొందరు కదల్లేదు. కదిలినవాళ్లు యంత్రాలు తెచ్చుకుని నిలబడ్డారు.

సిడ్నీలో పరిచయాల క్లబ్బు

ఆటల పోటీకి సరకు అమ్మడం ఒక పద్ధతి. పోటీ చూడ్డానికి వచ్చినవాళ్లతో వ్యాపార సంబంధాలు కలుపుకోవడం మరో పద్ధతి. ఈ రెండోదాన్ని పథకం ప్రకారం చేసి చూపించింది ఆస్ట్రేలియా. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి ప్రపంచం నలుమూలల నుంచి కంపెనీల పెద్దలు అతిథులుగా వస్తారని ఆ దేశ వాణిజ్య ప్రోత్సాహక సంస్థ ‘ఆస్‌ట్రేడ్‌’ ముందే ఊహించింది. ఎలాగూ వస్తున్నారు, రెండు రేసుల మధ్య ఖాళీగా ఉంటారు. వాళ్లని మన ఊరి చిన్న వ్యాపారితో ఓ కప్పు కాఫీ తాగించలేమా... అనుకుంది. అలా పుట్టిందే ‘బిజినెస్‌ క్లబ్‌ ఆస్ట్రేలియా’. ఎవరు ఏం అమ్ముతున్నారు, ఎవరికి ఏం కావాలి అన్న వివరాలు ముందే సేకరించి జత కలపడం దాని పని.

మామూలు రోజుల్లో విదేశీ కంపెనీ అధికారి అపాయింట్‌మెంటు కోసం చిన్న వ్యాపారి నెలల తరబడి తిరగాలి. ఒకే స్టాండులో కూర్చుని ఈత పోటీ చూస్తుంటే అంత దూరం ఉండదు. ఆట మాటలు కలుపుతుంది, మాటలు బేరాన్ని కలుపుతాయి. ఈ ఆలోచన పనిచేయడంతో 2003 రగ్బీ ప్రపంచకప్‌లో, 2006 మెల్‌బోర్న్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో దాన్నే కొనసాగించారు. ఆ తర్వాత పరాయి గడ్డ మీద 2008 బీజింగ్‌ ఒలింపిక్స్‌కీ, 2010 దిల్లీ కామన్వెల్త్‌ క్రీడలకీ క్లబ్బుని మోసుకెళ్లారు.

ఒక ఆటల పండగలో నేర్చిన పని ఇంకో పండగలో ఎలా అమ్ముడవుతుందో బీజింగ్‌ ‘వాటర్‌క్యూబ్‌’ చూస్తే తెలుస్తుంది. సబ్బు బుడగల్ని పేర్చినట్టుండే ఆ ఈతకొలను భవనానికి రూపమిచ్చిన బృందంలో సిడ్నీకి చెందిన పీటీడబ్ల్యూ ఉంది. సిడ్నీ ఒలింపిక్స్‌ ఈతకొలను రూపకల్పనలో పాలుపంచుకున్నది కూడా ఆ సంస్థే.

అమ్మారు... చెప్పుకోలేకపోయారు

లండన్‌ 2012 ఒలింపిక్స్‌ మరో సంగతి నేర్పింది. టెండర్ల సమాచారం పెద్ద కంపెనీల దగ్గరే ఆగిపోకుండా ‘కంపీట్‌ఫర్‌’ అనే వెబ్‌సైట్‌ పెట్టారు. కుర్చీలు కావాలన్నా కంచె కావాలన్నా అందులో ప్రకటించేవారు. దానివల్ల మారుమూల ఊళ్లలోని చిన్న సంస్థలకీ పనులు దొరికాయి. ఒలింపిక్స్‌కి పనిచేశామని చెప్పుకుంటే ఏ దేశంలోనైనా పని దొరుకుతుందని సంబరపడ్డారు. తీరా ఒప్పందం చదివితే ‘ఆ మాట బయట ప్రచారం చేసుకోకూడదు’ అని ఉంది! కోట్లు పోసి హక్కులు కొనుక్కున్న స్పాన్సర్లకి నష్టమని పెట్టిన షరతది. తర్వాతి పోటీల టెండర్లకి వెళ్లి ‘మేం ఏం చేశామో చెప్పలేం’ అంటే ఎవరు పనిస్తారు?

చిన్న సంస్థలు గోల చేయగా 2013 జనవరిలో ప్రభుత్వం, బ్రిటిష్‌ ఒలింపిక్‌ సంఘం కలిసి ఓ పథకం తెచ్చాయి. దరఖాస్తు చేసుకుంటే, తాము లండన్‌ క్రీడలకి సరఫరా చేశామని చెప్పుకునే అనుమతి లభిస్తుంది. క్రీడలు ముగిసిన అయిదు నెలలకి! అయినా ఆలస్యంగా వచ్చిన ఆ కాగితమే ఎందరికో ఎగుమతులకు గుర్తింపు కార్డయింది.

అన్నీ లాభాలేనా?

కాదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ఆర్డరు రాగానే లాభం వచ్చినట్టు కాదు. 2010 దిల్లీ క్రీడల వేడుకలకి పనిచేసిన ఆస్ట్రేలియా సంస్థలు కొన్ని మరుసటి ఏడాది కూడా బకాయిల కోసం తిరిగాయి. వ్యవహారం రెండు ప్రభుత్వాల దాకా వెళ్లింది. పెద్ద కంపెనీ అయితే ఓర్చుకుంటుంది. చిన్న సంస్థ ఆ బకాయి కోసం ఎదురుచూస్తూ బ్యాంకుకి వడ్డీ కట్టలేక మూతపడొచ్చు.

పోటీ కూడా అంతే తీవ్రం. చైనాలోని యీవూ పట్టణం జెండాలు, మఫ్లర్లు, ఈలలు, బొమ్మ కప్పుల అంగడి. 2022 ఖతార్‌ ప్రపంచకప్‌ సామగ్రిలో 70 శాతం తమదేనని అక్కడి క్రీడావస్తువుల సంఘం అంచనా వేసింది. ధర తగ్గించి యీవూతో గెలవడం ఎవరికీ తేలిక కాదు. నాణ్యతతోనో, చిన్న ఆర్డరునీ శ్రద్ధగా చేసే ఓపికతోనో గెలవాలి. పోటీ ముగిశాక గిరాకీ ఒక్కసారిగా పడిపోతుందన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రపంచకప్‌ని నమ్మి అప్పు చేసి కొన్న యంత్రం ఆగస్టు నుంచి ఖాళీగా ఉంటే ఆ భారం యజమానిదే.

చిన్న సంస్థకి అయిదు సూత్రాలు

* పోటీకి ఏడాది ముందు బయల్దేరితే ఆలస్యమే. నాణ్యతా ముద్రలూ పరీక్షా పత్రాలూ అంతకు ముందే చేతిలో ఉండాలి.

* ఒలింపిక్స్‌, ప్రపంచకప్‌ల చిహ్నాలు, పేర్లు అనుమతి లేకుండా వాడకూడదు. ఒక్క లోగో కారణంగా కంటెయినరు మొత్తం రేవులో ఆగిపోవచ్చు.

* ‘మీకు సరఫరా చేశామని చెప్పుకోవచ్చా?’ అన్న ప్రశ్న సంతకానికి ముందే అడగాలి.

* అడ్వాన్సు గానీ, బ్యాంకు ఎల్‌సీ గానీ లేకుండా కొత్త కొనుగోలుదారుకి సరకు ఎక్కించకూడదు. బకాయి పడితే ఎవరు బాధ్యులో కాగితం మీద ఉండాలి.

* పోటీ ముగిసిన నెలలోనే కొనుగోలుదారుని మళ్లీ పలకరించాలి. తర్వాతి ఆర్డరు చిన్నదైనా సరే వదలకూడదు.

ఇక మన వంతు

2030 కామన్వెల్త్‌ క్రీడల్ని అహ్మదాబాద్‌కి ఇస్తూ 2025 నవంబరు 26న గ్లాస్గోలో నిర్ణయం జరిగింది. 1930లో మొదలైన ఆ క్రీడలకి అది నూరేళ్ల పండగ. స్టేడియాలు ఎవరు కడతారు, పతకాలెన్ని వస్తాయి అన్న చర్చ ఎలాగూ ఉంటుంది. మీరట్‌లో డిస్క్‌లు, జావెలిన్లు చేసేవాళ్లకీ, జలంధర్‌లో బంతులు కుట్టేవాళ్లకీ, టీషర్టులు కుట్టే తిరుప్పూర్‌కీ అది వేరే లెక్క. 70కి పైగా దేశాలూ ప్రాంతాల జట్లు, వాటి వెంట అధికారులు, కొనుగోలుదారులు మనింటికే వస్తారు. మన క్రీడావస్తువుల ఎగుమతుల ప్రోత్సాహానికి 1958 నుంచే ఓ మండలి ఉంది. సిడ్నీలో చేసినట్టు ఆ అతిథుల జాబితానీ మన చిన్న కార్ఖానాల జాబితానీ ఒకచోట కూర్చి జత కలిపే పని ఇప్పుడే మొదలైతేనే ఫలితం.

హైదరాబాద్‌ కూడా 2003లో ఆఫ్రో-ఏషియన్‌ క్రీడలకి, 2007లో ప్రపంచ సైనిక క్రీడలకి, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్‌ పోటీలకి ఆతిథ్యమిచ్చిన నగరమే. స్టేడియాలు మిగిలాయి. మంచిదే. కానీ స్టేడియానికి ఏటా సున్నం వేయాలి, గడ్డి కోయాలి... అది ఖర్చు. పరిచయం అలా కాదు, ఏటా ఆర్డరు తెస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. ఆటల జ్యోతి వెలిగేది పదిహేను రోజులే!